గర్భిణులు, బాలింతలలో కుంగుబాటు, ఆందోళన: ముందుగా గుర్తించే పరీక్షలు

పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ప్రత్యేక వ్యాసం

గర్భిణి ఆరోగ్య కేంద్రానికి వచ్చిన ప్రతిసారీ బరువు తూచి, రక్తపోటు చూసి, రక్తంలో హిమోగ్లోబిన్ శాతాన్ని లెక్కగట్టి మాతా శిశు సంరక్షణ కార్డులో నమోదు చేయడం దశాబ్దాలుగా స్థిరపడిన ఆనవాయితీ. నిద్ర పడుతున్నదా, మనసు నిలకడగా ఉన్నదా, బతుకు మీద విరక్తి కలుగుతున్నదా అన్న ప్రశ్నలు మాత్రం అదే క్రమశిక్షణతో అడగడం ఇంకా అలవాటు కాలేదు. అడగనిదే చెప్పని జబ్బులలో ఇది మొదటి వరుసలో ఉంటుంది. రక్తహీనత కనురెప్ప ఎత్తి చూస్తే తెలుస్తుంది. కుంగుబాటును బాలింత స్వయంగా దాచుకుంటుంది, ఇంటివారు బడలికగా భావిస్తారు, ఆసుపత్రి సిబ్బందికి ఆగి మాట్లాడే వ్యవధి ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా గర్భిణులలో సుమారు 10 శాతం మంది, ప్రసవించిన స్త్రీలలో 13 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతకు, ప్రధానంగా కుంగుబాటుకు గురవుతున్నారు. వర్ధమాన దేశాలలో ఇది గర్భకాలంలో 15.6 శాతంగా, ప్రసవానంతరం 19.8 శాతంగా ఉన్నది. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను క్రోడీకరించి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడిన విశ్లేషణ, ప్రసవానంతర కుంగుబాటు లక్షణాలు 22 శాతం మందిలో ఉన్నట్లు లెక్కగట్టింది. అంటే సుమారు ప్రతి అయిదుగురు బాలింతలలో ఒకరు. ఈ అంకెను వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆ అధ్యయనాలలో అధిక భాగం ప్రశ్నావళి ద్వారా లక్షణాలను కొలిచినవే తప్ప, వైద్యుడు పరీక్షించి రోగ నిర్ధారణ చేసినవి కావు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఈ వ్యాసంలో ముందు ముందు వివరంగా రానున్నది.

మూడు వేర్వేరు స్థితులు

ప్రసవమైన మూడవ రోజు నుంచి అయిదవ రోజు వరకు కారణం లేకుండా కన్నీళ్లు రావడం, చిరాకు, మనసు ఒక్క క్షణం ఉన్నట్లు మరో క్షణం ఉండకపోవడం సగానికి పైగా బాలింతలలో కనిపించేదే. ఇది రెండు వారాల లోపు తనంత తానే సర్దుకుంటుంది. దీనికి మందు అక్కరలేదు. ఆదరణ, నిద్ర, వేళకు తిండి చాలు. రెండు వారాలు దాటినా తగ్గకపోవడం, ఇష్టమైన పనులపై ఆసక్తి పోవడం, బిడ్డ నిద్రించినా తల్లికి నిద్ర పట్టకపోవడం, తాను తల్లిగా పనికిరానన్న అపరాధ భావన వెంటాడడం కుంగుబాటుకు సూచనలు. ఆందోళన రుగ్మత దీనితో కలిసి వస్తుంది, ఒక్కోసారి విడిగానూ వస్తుంది. బిడ్డ ఊపిరి తీస్తున్నదో లేదోనని రాత్రంతా లేచి చూడడం, గుండెదడ, అరచేతుల్లో చెమటలు, ఏదో కీడు జరుగుతుందన్న భయం దీని రూపాలు.

మూడవది ప్రసవానంతర తీవ్ర మానసిక వ్యాధి. వేయి ప్రసవాలకు ఒకటి రెండు చొప్పున మాత్రమే సంభవించినా అత్యవసర వైద్య పరిస్థితి ఇదే. సాధారణంగా తొలి రెండు వారాల లోపల హఠాత్తుగా మొదలై, నిద్ర పూర్తిగా పోయి, లేని మాటలు వినిపించడం, బిడ్డ తన బిడ్డ కాదనడం వంటి భ్రాంతులు కలుగుతాయి. ఈ స్థితిలో ప్రశ్నావళులతో కాలయాపన తగదు. గాలి సోకిందని, దిష్టి తగిలిందని ఒకటి రెండు రోజులు ఆగడం కూడా తల్లీబిడ్డల ప్రాణాలకు ముప్పు. అదే రోజున మానసిక వైద్యుని వద్దకు చేర్చవలసి ఉంటుంది. వార్తలలో ఈ మూడింటినీ ఒకే పేరుతో పేర్కొనడం తరచుగా కనిపిస్తున్నది. దానివల్ల మామూలు కుంగుబాటు గల తల్లి సైతం బిడ్డకు ప్రమాదకారి అన్న అపోహ బలపడి, ఆమె నోరు మెదపకుండా చేస్తున్నది.

ఎడిన్‌బరో పది ప్రశ్నలు

నేడు ప్రపంచంలో విస్తృతంగా వాడుకలో ఉన్న ప్రశ్నావళి స్కాట్లాండులో రూపొందింది. జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ అనే ముగ్గురు 1987లో దీనిని బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రకటించారు. అప్పటికే కుంగుబాటును కొలిచే ప్రశ్నావళులు అనేకం ఉన్నా, అవి నిద్ర లేమి, ఆకలి మందగించడం, అలసట వంటి శారీరక లక్షణాలను లెక్కలోకి తీసుకునేవి. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఏ తల్లికి నిద్ర సరిపోతుంది? అందువల్ల ఆరోగ్యవంతులైన బాలింతలు కూడా ఆ కొలతలలో రోగులుగా తేలేవారు. ఎడిన్‌బరో ప్రశ్నావళి ఆ శారీరక లక్షణాలను చాలావరకు పక్కనబెట్టి మనఃస్థితి మీదనే దృష్టి నిలిపింది.

ఇందులో ప్రశ్నలు 10. గడచిన 7 రోజులలో ఎలా ఉన్నదో తల్లి చెప్పాలి. ఒక్కొక్క సమాధానానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. పూర్తి చేయడానికి అయిదు నిమిషాలు చాలు. 3, 4, 5 సంఖ్యలు గల ప్రశ్నలు ఆందోళనకు సంబంధించినవి కావడంతో వాటి మార్కులను విడిగా కూడా పరిశీలిస్తారు. పదవ ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపును గురించినది. మొత్తం మార్కులు ఎంత తక్కువగా ఉన్నా, ఈ ఒక్క ప్రశ్నకు సున్నా కాక మరే సమాధానం వచ్చినా ఆమెను ఇంటికి పంపకుండా అప్పుడే మాట్లాడవలసి ఉంటుంది. శిక్షణ తరగతులలో సిబ్బందికి మరీ మరీ చెప్పవలసిన అంశం ఇదే. మొత్తం కూడి, గీటురాయి దాటలేదని కాగితం దస్త్రంలో పెట్టేస్తే పదవ ప్రశ్న అడిగిన ప్రయోజనం లేదు.

గర్భిణులకు, బాలింతలకు మాత్రమే పరిమితం కాని ఇతర ప్రశ్నావళులు కూడా ఉన్నాయి. పిహెచ్‌క్యూ-9 అనే దానిలో గడచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, 27 మార్కులు. అందులోని మొదటి రెండు ప్రశ్నలనే పిహెచ్‌క్యూ-2 అంటారు. ఆందోళనకు జిఎడి-7 ఉన్నది. దాని గరిష్ఠ మార్కులు 21. ఏది వాడాలన్నది ఆయా వ్యవస్థల సౌలభ్యాన్ని బట్టి నిర్ణయించుకునేదే.

పరీక్షలో తేలడం వేరు, జబ్బు నిర్ధారణ కావడం వేరు

ఎడిన్‌బరో ప్రశ్నావళిపై 58 అధ్యయనాలలోని 15,557 మంది స్త్రీల వివరాలను ఒక్కచోట చేర్చిన విశ్లేషణ 2020లో బిఎంజె పత్రికలో వెలువడింది. దాని ప్రకారం 11 మార్కులను గీటురాయిగా పెట్టుకుంటే తీవ్ర కుంగుబాటు ఉన్నవారిలో 81 శాతం మందిని పట్టుకోగలదు; లేనివారిలో 88 శాతం మందిని లేనివారిగానే చూపగలదు. గీటురాయిని 13కు పెంచితే ఈ శాతాలు 66, 95గా మారతాయి.

ఈ శాతాలు క్షేత్రస్థాయిలో ఎట్లా పరిణమిస్తాయో ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక మండలంలో 1,000 మంది బాలింతలు ఉన్నారని, వారిలో 100 మందికి నిజంగా కుంగుబాటు ఉన్నదని అనుకుందాం. 11 మార్కుల గీటురాయితో ఆ 100 మందిలో 81 మంది బయటపడతారు, 19 మంది తప్పిపోతారు. మిగిలిన 900 మందిలో 12 శాతం, అనగా 108 మంది జబ్బు లేకున్నా జాబితాలోకి వస్తారు. జాబితాలోని మొత్తం 189 మందిలో నిజంగా చికిత్స కావలసినవారు సగానికి తక్కువే. 13 మార్కులతో అయితే జాబితా 111 మందికి కుదించుకుపోతుంది. అందులో 66 మంది నిజమైన రోగులు, 45 మంది కారు. అయితే 34 మంది తల్లులు ఎవరి కంటా పడకుండా మిగిలిపోతారు.

కనుక ఈ ప్రశ్నావళి జల్లెడ మాత్రమే. జల్లెడలో నిలిచినవారందరినీ రోగులుగా ప్రకటించడం, అందుండి జారినవారందరూ క్షేమమనుకోవడం, రెండూ పొరపాట్లే. జిల్లాలో ఇంతమంది బాలింతలకు డిప్రెషన్ అని శీర్షిక పెట్టేముందు ఆ సంఖ్య జల్లెడలో నిలిచినవారిదా, వైద్యుడు నిర్ధారించినవారిదా అని విలేకరులు అడిగి తెలుసుకోవడం ఉచితం. అధికారులు సైతం నివేదికలలో ఈ రెండు అంకెలను వేర్వేరు గడులలో చూపితే గందరగోళం తగ్గుతుంది.

దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు

అందరినీ పరీక్షించాలా అన్న విషయంలో నిపుణుల సంఘాలు ఒక్క మాట మీద లేవు. అమెరికా నివారణ సేవల కార్యదళం 2016లో గర్భిణులు, బాలింతలతో సహా వయోజనులందరికీ కుంగుబాటు పరీక్షను, 2023లో 64 ఏళ్ల లోపు వయోజనులకు ఆందోళన పరీక్షను సిఫారసు చేసింది. ఇందులోనూ గర్భిణులు, బాలింతలు చేరి ఉన్నారు. కెనడా కార్యదళం 2022లో ఇందుకు భిన్నంగా, మార్కుల ప్రశ్నావళితో అందరినీ పరీక్షించవద్దని, మామూలు సంరక్షణలో భాగంగా వైద్యులు మానసిక స్థితిని విచారిస్తే చాలునని చెప్పింది. ఇంగ్లండులో నైస్ సంస్థ 2014 మార్గదర్శకాలు మొదట రెండేసి చిన్న ప్రశ్నలు అడిగి, అనుమానం కలిగితేనే పెద్ద ప్రశ్నావళికి వెళ్లమంటున్నవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో వెలువరించిన ప్రసవానంతర సంరక్షణ సిఫారసులలో ప్రామాణిక ప్రశ్నావళితో కుంగుబాటును, ఆందోళనను గుర్తించాలని చెబుతూనే, తేలినవారికి నిర్ధారణ, చికిత్సా సేవలు తోడుగా ఉండాలన్న షరతు విధించింది. వివాదంలోని సారమంతా ఈ షరతులోనే ఉన్నది. కెనడాలో గానీ, మన మండల కేంద్రంలో గానీ, ప్రశ్న అడిగిన తర్వాత చూపించడానికి తలుపు లేకపోతే అడగడం కేవలం కాగితం నింపడమే అవుతుంది. అయితే తలుపు లేదు గనుక అడగనే వద్దన్న వాదన కూడా నిలబడదు. ఎవరూ అడగనంత కాలం ఎందరికి అవసరమో తేలదు, తేలనంత కాలం తలుపు తెరుచుకోదు.

మన వ్యవస్థలో అడిగే తావులు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత ప్రకారం ఆసుపత్రి ప్రసవాలు ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. అనగా తల్లులలో దాదాపు అందరూ వైద్య వ్యవస్థ గడప తొక్కుతున్నవారే. 2016 నుంచి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు వైద్యుల పరీక్షలు నిర్వహిస్తున్నారు. ప్రసవానంతరం ఆశా కార్యకర్త నవజాత శిశు గృహ సంరక్షణ కార్యక్రమంలో భాగంగా 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వస్తుంది. 6, 10, 14 వారాలలో బిడ్డకు టీకాలు ఉంటాయి. ఆపై 3వ నెల నుంచి 15వ నెల వరకు అయిదు గృహ సందర్శనలను 2018లో ప్రవేశపెట్టారు. కొత్త వ్యవస్థ నెలకొల్పనక్కరలేదు. ఉన్న సందర్శనలలోనే ప్రశ్నకు చోటు చేయవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది. ఈ పట్టికలో ఒక విచిత్రం గమనించదగినది. 42 రోజులు దాటాక వచ్చేవన్నీ బిడ్డ కోసమే. తల్లి బిడ్డను ఎత్తుకొని వస్తుంది, సూది బిడ్డకు, తూకం బిడ్డకు. ఎడిన్‌బరో ప్రశ్నావళి వాడకానికి అనువైనదిగా భావించే ఆరవ, ఎనిమిదవ వారాల మధ్యకాలం సరిగ్గా ఇక్కడే పడుతున్నది. టీకా ఇచ్చిన తర్వాత అరగంట కూర్చోబెట్టే సమయం ఇందుకు అన్నివిధాలా అనుకూలం.

ప్రజారోగ్య కేంద్రాలలో కుంగుబాటుకు సంబంధించిన రెండు ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి కదా అని కొందరు అధికారులు అనవచ్చు. ఆశా కార్యకర్తలు నింపే సామాజిక ఆరోగ్య పరిశీలన పత్రంలో పిహెచ్‌క్యూ-2 చేరిన మాట నిజమే. ఆ పత్రం ప్రధానంగా 30 ఏళ్లు, ఆ పైబడినవారిలో మధుమేహం, రక్తపోటు వంటి జబ్బుల కోసం ఉద్దేశించినది. ఇరవై రెండేళ్ల తొలిచూలు తల్లి ఆ వలలో పడదు.

మరొక చిక్కు మన ఆచారంలోనే ఉన్నది. తెలుగు కుటుంబాలలో తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకువెళ్లడం నేటికీ విస్తారంగా ఉన్న సంప్రదాయం. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో వెళ్లిన అమ్మాయి మూడవ నెలో అయిదవ నెలో బిడ్డతో అత్తవారింటికి తిరిగి వస్తుంది. గర్భకాలంలో ఆమెను ఎరిగిన ఆశా కార్యకర్త ఒకరు, పురుటిలో చూసేవారు మరొకరు, తిరిగి వచ్చాక మళ్లీ మొదటివారు. గర్భకాలంలో ఒకసారి మార్కులు ఎక్కువగా వచ్చినా ఆ సమాచారం ఆమెతో పాటు ప్రయాణించకపోతే ప్రసవానంతరం చూసేవారికి ఏమీ తెలియదు. ప్రసవానంతర కుంగుబాటుకు బలమైన సూచికలలో గర్భకాలపు కుంగుబాటు, ఆందోళన ముఖ్యమైనవి కాబట్టి ఈ తెగిన దారాన్ని ముడివేయడం చిన్న విషయం కాదు. అట్లాగే పుట్టింట ఉన్నంత కాలం తల్లి నీడలో కుదురుగా ఉన్న బాలింతకు అత్తవారింటికి తిరిగివెళ్లిన తర్వాతే ఇబ్బంది మొదలు కావచ్చు. అప్పటికి గృహ సందర్శనలలో అధిక భాగం పూర్తయి ఉంటాయి.

మన దేశంలో జరిగిన అధ్యయనాలు ఈ కుటుంబ కోణాన్ని స్పష్టంగా చూపాయి. గోవాలో 2002లో ప్రచురితమైన అధ్యయనంలో 23 శాతం తల్లులు ప్రసవమైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు కుంగుబాటుతో ఉన్నారు. పేదరికం, భర్త చేతి హింస, కొడుకు కావాలనుకున్నప్పుడు కూతురు పుట్టడం ప్రధాన కారణాలుగా తేలాయి. అదే ఏడాది తమిళనాడు గ్రామీణ ప్రాంతంపై వచ్చిన అధ్యయనంలో కొత్తగా కుంగుబాటు సోకినవారు 11 శాతం. అక్కడా అల్పాదాయం, ఆడపిల్ల పుట్టుక, అత్తతోను, కన్నవారితోను సంబంధాలు చెడడం, ఇంట్లో చేతిసాయం లేకపోవడం కనిపించాయి. ఈ కారణాలలో మాత్రలతో నయమయ్యేది ఒక్కటీ లేదన్నది గమనార్హం.

ఎవరి ఎదుట అడగాలి, ఏ మాటతో అడగాలి

అత్తగారు పక్కన నిలబడి ఉండగా ఇంట్లో ఎట్లా ఉన్నదమ్మా అని అడిగితే బాగానే ఉన్నదన్న జవాబు తప్ప మరొకటి రాదు. ప్రశ్నావళి ఎంత శాస్త్రీయమైనదైనా ఏకాంతం లేకుంటే నిరుపయోగం. బిడ్డ బరువు తూచేందుకు పెద్దవారిని పక్క గదికి పంపి, ఆ రెండు నిమిషాలలో తల్లిని పలకరించడం అనుభవజ్ఞులైన ఏఎన్ఎంలకు తెలిసిన ఉపాయమే. చదువురాని తల్లులకు సిబ్బంది చదివి వినిపించేటప్పుడు ఈ ఏకాంతం మరింత అవసరం.

భాష మరొక సమస్య. డిప్రెషన్‌కు కుంగుబాటు అనే మాట పత్రికల ద్వారా స్థిరపడినా, పల్లెలో ఏ తల్లీ తనకు కుంగుబాటుగా ఉన్నదని చెప్పదు. బెంగగా ఉన్నదంటుంది, దిగులంటుంది, ఏమీ తోచడం లేదంటుంది. తెలంగాణలో రంది అంటారు, భయానికి బుగులు అంటారు. రాయలసీమలో విసుగు ముదిరితే యాష్టకొస్తాందంటారు. మరి కొందరు మనసు మాట ఎత్తకుండా తలబరువు, గుండెదడ, ఒళ్లంతా మంటలు అని చెబుతారు. ఆందోళన అన్న మాటతో ఇంకో ఇబ్బంది ఉన్నది. పత్రికా భాషలో ఆందోళన అంటే ధర్నా. గర్భిణుల ఆందోళన అని శీర్షిక పెడితే ఆసుపత్రి ఎదుట బైఠాయింపు అనుకోని పాఠకుడు ఉండడు. కనుక ప్రశ్నావళిని కార్యాలయంలో కూర్చుని నిఘంటువు ముందు పెట్టుకుని అనువదించడం సరిపోదు. అనువదించిన దానిని వేరొకరిచేత తిరిగి మూలభాషలోకి మార్పించి, స్థానిక తల్లుల మీద ప్రయోగించి, ఆ భాషలో గీటురాయి ఎన్ని మార్కుల వద్ద ఉండాలో మళ్లీ నిర్ణయించవలసి ఉంటుంది. ఒక భాషలో 13 వద్ద సరిపోయిన గీత మరో భాషలో 10 వద్ద ఉండవచ్చు.

తేలిన తర్వాత చేయవలసినది

మొదట శారీరక కారణాలను తోసిపుచ్చాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడతలో దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. రక్తహీనత నీరసాన్ని, ప్రసవానంతర థైరాయిడ్ లోపాలు గుండెదడను, నిరుత్సాహాన్ని కలిగించి కుంగుబాటును తలపిస్తాయి. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి.

తేలికపాటి, మధ్యస్థ స్థితిలో మాటలే మందు. ఎడిన్‌బరో ప్రశ్నావళి రూపకర్తలలో ఒకరైన హోల్డెన్ బృందం 1989లో ప్రకటించిన ప్రయోగంలో, ఇళ్లకు వెళ్లే ఆరోగ్య కార్యకర్తలకు స్వల్ప శిక్షణ ఇచ్చి వారం వారం తల్లులతో మాట్లాడించగా 26 మందిలో 18 మంది కోలుకున్నారు. మామూలు సేవలు పొందిన 24 మందిలో కోలుకున్నవారు 9 మంది. మన పరిస్థితులకు ఇంకా దగ్గరైన ఉదాహరణ పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామీణ ప్రాంతం. అక్కడి లేడీ హెల్త్ వర్కర్లు, మన ఆశా కార్యకర్తల వంటివారే, మామూలు గృహ సందర్శనలలోనే కుంగుబాటు గల తల్లులకు ఆలోచనా ధోరణిని మార్చుకునే పద్ధతి నేర్పారు. 2008లో లాన్సెట్‌లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆరు నెలల తర్వాత ఆ సాయం పొందిన తల్లులలో 23 శాతం మందికి, పొందనివారిలో 53 శాతం మందికి కుంగుబాటు మిగిలి ఉన్నది. మానసిక వైద్యులు కారు, మనస్తత్వవేత్తలూ కారు, గ్రామంలోని కార్యకర్తలు సాధించిన ఫలితమిది. ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత కరదీపికగా ప్రచురించింది. భర్తను, ఇంటి పెద్దలను కూర్చోబెట్టి పనిని పంచడం, తల్లికి రాత్రి వరుసగా నాలుగైదు గంటలు నిద్ర దొరికేలా చూడడం ఇందులో చిన్నవిగా కనిపించే పెద్ద పనులు.

తీవ్ర స్థితిలో మందులు వాడవలసి రావచ్చు. పాలిచ్చే తల్లికి మందులే వాడరాదన్న అభిప్రాయం సరికాదు. సెర్ట్రలిన్ వంటివి తల్లిపాలలోకి అతి స్వల్పంగా మాత్రమే చేరతాయి. దీనికి భిన్నంగా వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భస్థ శిశువుకు హానికరం కావడంతో, గర్భధారణకు అవకాశమున్న స్త్రీలకు దానిని ప్రారంభించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. గర్భం నిలిచిందని తెలియగానే పాత మందులను తమంతట తాము ఆపివేయడం కూడా ప్రమాదకరమే. వైద్యుని సలహాతోనే మార్పు చేసుకోవాలి. హింస బయటపడినప్పుడు మహిళా సహాయవాణి 181కు, సఖి కేంద్రాలకు దారి చూపడం చికిత్సలో అంతర్భాగం.

ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినప్పుడు తల్లినీ బిడ్డనూ విడదీయకుండా చికిత్స చేసే విభాగం బెంగళూరులోని నిమ్హాన్స్‌లో 2009లో ప్రారంభమైంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చినది, 21వ సెక్షన్‌లో దీనికి న్యాయబలం కల్పించింది. మూడేళ్ల లోపు బిడ్డను చికిత్స పొందుతున్న తల్లి నుంచి సాధారణంగా విడదీయరాదు. బిడ్డకు ముప్పు ఉన్నదని మానసిక వైద్యుడు భావించి తాత్కాలికంగా విడదీసినా, పర్యవేక్షణలో తల్లి బిడ్డను చూసే వీలు ఉండాలి, ప్రతి 15 రోజులకు ఆ నిర్ణయాన్ని సమీక్షించాలి, 30 రోజులు మించితే సంబంధిత ప్రాధికార సంస్థ ఆమోదం పొందాలి. జిల్లా ఆసుపత్రుల పర్యవేక్షకులు ఈ నిబంధనను ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసి ఉన్నది.

లెక్కలోకి రాని మరణాలు

2018-20 నమూనా నమోదు గణాంకాల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఈ తగ్గుదల వెనుక రెండు దశాబ్దాల కృషి ఉన్నది. అయితే మాతృ మరణమన్న నిర్వచనం ప్రసవానంతరం 42వ రోజుతో ఆగిపోతుంది. మూడవ నెలలో ఆత్మహత్య చేసుకున్న బాలింత ఈ లెక్కలో లేదు. ప్రసవమైన ఏడాది వరకు సంభవించే మరణాలన్నింటినీ గోప్యంగా విచారించే బ్రిటన్‌లో, ఆరు వారాల తర్వాత నుంచి ఏడాది లోపు తల్లుల మరణాలకు ఆత్మహత్య ప్రధాన కారణాలలో ఒకటిగా ఏళ్ల తరబడి కనిపిస్తున్నది. గర్భకాలంలోను, ప్రసవానంతరం 42 రోజుల లోపు జరిగిన ఆత్మహత్యను ప్రత్యక్ష మాతృ మరణంగానే వర్గీకరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. మండల స్థాయి మాతృ మరణ సమీక్షలలో బాలింత ఆత్మహత్యలు కుటుంబ కలహాల ఖాతాలోకి, పోలీసు దస్త్రంలోకి వెళ్లి ఆగిపోకుండా చూడడం వైద్య, ఆరోగ్య శాఖ అధికారుల చేతిలోని పని.

విలేకరులకు సూచనలు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం మానసిక ఆరోగ్య కేంద్రంలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఛాయాచిత్రాన్ని గానీ వివరాలను గానీ ఆమె అనుమతి లేకుండా ప్రసార మాధ్యమాలకు విడుదల చేయరాదు. బిడ్డ, భర్త, ఊరు పేర్లు ప్రచురించినా తల్లి ఎవరో తెలిసిపోతుందన్నది స్పష్టమే. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని అదే చట్టం 115వ సెక్షన్ చెబుతున్నది. ఆత్మహత్య వార్తలలో అనుసరించిన పద్ధతిని వర్ణించవద్దని, కారణాన్ని ఒక్క మాటలో తేల్చవద్దని, సహాయవాణి సంఖ్యను ఇవ్వాలని ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు జారీ చేసింది. ఎడిన్‌బరో ప్రశ్నలను సొంతంగా అనువదించి, మీకూ ఉన్నదేమో చూసుకోండి అని పత్రికలో ప్రచురించడం సమంజసం కాదు. ఆ ప్రశ్నావళిపై హక్కులు రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్‌కు చెందినవి. పైగా ఇంట్లో ఒంటరిగా పదవ ప్రశ్నకు అవునని రాసుకున్న తల్లి పక్కన ఆ క్షణంలో ఎవరూ ఉండరు.

మానసిక ఆరోగ్య సలహాల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై రాత్రింబవళ్లు, తెలుగుతో సహా అనేక భాషలలో ఉచితంగా లభిస్తున్నది. తల్లికి గానీ బిడ్డకు గానీ తక్షణ ప్రమాదం ఉన్నట్లు తోస్తే 108కి లేదా 112కి ఫోను చేసి సమీప ప్రభుత్వ ఆసుపత్రికి తరలించాలి.